ముసలి ఎలుకల సాక్షిగా

ఈల వేసినందుకు ఒక మనిషిని మెడపట్టి గెంటినంత పని చేయడం హోబార్ట్ అనే ద్వీప నగరంలోని ఆ వైద్య పరిశోధన ఇన్‌స్టిట్యూట్‌లో అంతకు ముందెప్పుడూ జరగలేదు. గెంటింది మార్నీ. గెంటించుకున్నవాడి పేరు ఆమెకు అప్పటికింకా తెలియదు.

ఎలుకల గదిలోకి వెళ్ళాలంటే తలకు టోపీ, మూతికి మాస్కు, ఒంటికి నీలం గౌను, బూట్లకు తొడుగులు ఉండాల్సిందే. బయటికి కనిపించేవి కళ్ళు రెండే. మార్నీ ఒక్కో బోనూ తెరిచి, ఎవరు తిన్నారో ఎవరు తినలేదో చూసుకుంటూ వస్తోంది. అంతలో తలుపు తోసుకుని, అదే వేషంలో ఉన్న ఒక పొడుగాటి మనిషి ట్రాలీ లాక్కుంటూ, హుషారుగా ఈల వేస్తూ లోపలికి వచ్చాడు.

"ఈల ఆపండి," అంది మార్నీ.

"ఎందుకు?"

"ఇక్కడ ముసలివాళ్ళు పడుకున్నారు."

అతను గది నలుమూలలా చూశాడు. వరసగా బోనులు తప్ప ఏమీ కనిపించలేదు. దగ్గరున్న బోనులోకి వంగి చూస్తే, నల్లటి బొచ్చు అక్కడక్కడా నెరిసిన ఎలుక ఒకటి మూలకు ముడుచుకుని పడుకుని ఉంది.

"వీళ్ళేనా ముసలివాళ్ళు?"

"రెండేళ్ళు నిండాయి. మన లెక్కలో డెబ్బయ్యో ఎనభయ్యో. ఈల వింటే బెదురుతాయి. బెదిరితే తిండి మానేస్తాయి. ఇవి తిండి మానేస్తే నా రెండేళ్ళ చాకిరీ మట్టిగొట్టుకుపోతుంది."

"మా ఊళ్ళో ఈల వేస్తే గొర్రెలు దగ్గరికొస్తాయండీ."

"అయితే మీ ఊరెళ్ళి వేసుకోండి," అని అతని ట్రాలీతో సహా అతన్ని బయటికి నెట్టి తలుపు మూసింది. మాస్కు మీద అతని కళ్ళు నవ్వడం మాత్రం ఆమె చూసింది. చూసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

సాయంత్రం వాన మొదలైంది. దక్షిణ ధ్రువం వైపు నుంచి వీచే చలిగాలికి గొడుగు నిలిచే ఊరు కాదది. బస్‌స్టాప్‌లో మార్నీ కోటు మెడ దాకా లాక్కుని నిలబడింది. పక్కనెవరో ఈల వేస్తున్నారు. పొద్దున విన్న పాటే. తల తిప్పి చూసింది. ఎర్రటి గడ్డం, తడిసిన ఉన్ని టోపీ. ముఖం కొత్తదే గానీ కళ్ళు పాతవే.

"మీరా?" అంది.

"ముసలివాళ్ళు లేచారా?" అన్నాడు అతను.

ఆమె నవ్వకూడదనుకుంది. అనుకున్నంత సేపు కూడా పట్టలేదు నవ్వడానికి.

అతని పేరు ఫెర్గస్. సముద్రం అవతలి డనీడిన్ నుంచి స్కానింగ్ విభాగంలో పనికి వచ్చాడు. చలికాలం చివరిదాకా కాంట్రాక్ట్. ఆ తర్వాత మళ్ళీ వాళ్ళ ఊరే.

"ఇంతకీ ఆ ముసలివాళ్ళతో మీరేం చేయిస్తారు?" అని అడిగాడు.

"వ్యాయామం."

"పరిగెత్తిస్తారా?"

"నిద్రపుచ్చి చేయిస్తాను," అంది మార్నీ. పని గురించి అడిగితే ఆమెకు చలి కూడా గుర్తుండదు. "ఎముకంటే రాయి కాదండీ. రోజూ కొంత కరుగుతుంది, కొంత కొత్తగా కడుతుంది. వయసులో ఉన్నప్పుడు బరువు పడితే, ఇక్కడ ఇంకాస్త కట్టండి అని లోపలికి కబురు వెళ్తుంది. ముసలితనంలో కరగడం ఆగదు, కట్టడం తగ్గిపోతుంది. ఆ కబురు అప్పుడు కూడా వినిపిస్తుందా లేదా అన్నది నా ప్రశ్న. ఎలుకకు మత్తిచ్చి ఒక కాలిని మెషీన్‌లో పెట్టి మెల్లగా నొక్కుతాం, వదులుతాం. రెండో కాలిని ముట్టుకోం. కొన్ని వారాలయ్యాక రెండు ఎముకలూ స్కాన్ చేసి చూస్తే, నొక్కిన కాలు లావెక్కిందో లేదో తెలుస్తుంది."

"లావెక్కకపోతే?"

"నా థీసిస్ పోతుంది," అంది. "ఇంకా కొందరి ఆశ కూడా పోతుంది."

బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. అతను ఉండేది పూర్తిగా వేరే దిక్కున అని ఆమెకు చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు.

*

మార్నీ అన్న ఆ కొందరిలో మొదటి మనిషి ఆమె అమ్మమ్మ డల్సీ. హ్యూవన్ లోయలో వయసంతా ఆపిల్ పెట్టెలు మోసిన మనిషి. మూనా వీధిలోని చెక్క ఇంట్లో అమ్మమ్మా మనవరాలూ ఇద్దరే ఉంటారు.

మార్నీ చిన్నప్పుడు వాళ్ళమ్మకు జబ్బు చేసింది. తగ్గిపోతుందని అందరూ కలిసి ఆ పిల్లకు చెప్పారు. తగ్గలేదు. తల్లి పోయాక డల్సీ మనవరాల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇకమీదట ఈ ఇంట్లో తీపి అబద్ధాలు ఉండవని మాటిచ్చింది. ఆ మాట ఇద్దరూ ఇన్నేళ్ళూ నిలబెట్టుకున్నారు. కేకు బాగాలేకపోతే బాగాలేదనే చెప్పుకుంటారు.

మెషీన్ పని మొదలుపెట్టాల్సిన వారమే డల్సీ పడిపోయింది. పొయ్యిలోకి కట్టె తీయబోయి వంటింట్లో కూలిపోయింది. పడినందుకు తుంటి విరగలేదు, తుంటి విరిగినందుకే పడిందన్నారు డాక్టర్లు. లోపల ఎముక అంతగా గుల్లబారిపోయి ఉంది. ఎడమ తుంటికి ఆపరేషన్ చేసి ఇంటికి పంపుతూ, రోజూ లేచి నిలబడాలి, నడవాలి, లేకపోతే మంచానికే అతుక్కుపోతారని మరీ మరీ చెప్పారు.

"ఈ వయసులో నిలబడితే ఎముక గట్టిపడుతుందా?" అని మనవరాల్ని నిలదీసింది డల్సీ.

"అదేగా అమ్మమ్మా నేను కనుక్కుంటున్నది."

"అయితే నీ ఎలుకలు ఏమంటాయో నాకు చెప్పు. వాటి ఎముక వింటే నేనూ నిలబడతా. వినదంటే నన్నిట్లా వదిలెయ్యండి, ఈ నొప్పి నావల్ల కాదు."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా నీ మొహం చూసి నిలబడతా."

అట్లా ఎలుకల మీద మార్నీ థీసిస్ ఒక్కటే కాదు, అమ్మమ్మ కాళ్ళు కూడా ఆధారపడ్డాయి.

అమ్మమ్మను చూసుకోవాలి, ఎలుకల్నీ చూసుకోవాలి. ఒక్క మనిషికి రెండూ కుదరవు. "సగం రోజులు నేను చేస్తా, మెషీన్ దగ్గర నాకు అలవాటే," అని ఫెర్గస్ ముందుకొచ్చాడు. అప్పటికి వాళ్ళు మీరు నుంచి నువ్వుకు దిగారు.

నేర్పించే రోజున ఇద్దరూ మెషీన్ ముందు భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. గది చిన్నది మరి, ఇంకోలా నిలబడడానికి చోటు లేదు.

"ఏ కాలు?" అని అడిగాడు ఫెర్గస్.

"నీ ఎడమచేతి వైపు వచ్చే కాలు. అదొక్కటే. రెండోదాన్ని ముట్టుకున్నావంటే నిన్ను బోనులో పెడతా."

"తిండి పెడతావా?"

"బెదిరితే తినవుగా."

అతను నవ్వుతూనే ఎలుకను అరచేతిలోకి తీసుకుని మెల్లగా పడుకోబెట్టాడు. "ఇట్లాగేనా?" అని అడిగాడు. "ఊఁ," అంది మార్నీ. ఆసుపత్రి కుర్చీలో గడిపిన రోజుల తర్వాత ఆమెకు అంత హాయిగా అనిపించిన క్షణం అదొక్కటే.

*

ఆ చలికాలం వాళ్ళిద్దరికీ బాగానే నడిచింది. కొండ మీద మంచు కురిసిన రోజున రేవు దగ్గర నిలబడి ఆల్చిప్పల మాంసం కూరి కాల్చిన 'స్కాలప్ పై' తిన్నారు. దాని లోపల మరీ వేడిగా ఉంటుందని మార్నీ చెబుతూనే ఉంది, ఫెర్గస్ నాలుక కాల్చుకుంటూనే ఉన్నాడు. ఆదివారాలు వచ్చి కట్టెలు కొట్టి పొయ్యి పక్కన పేర్చి వెళ్ళేవాడు. ఆ ఇంట్లో ఈలకు అడ్డు లేదు.

డల్సీ వంటగట్టు పట్టుకుని నిలబడి, రేడియోలో ఫుటీ ఆట వింటూ, నొప్పికి పళ్ళు బిగించేది. మధ్యలో అతన్ని ఆటపట్టించేది.

"ఏమయ్యా గొర్రెలబ్బాయ్, మీ ఊళ్ళో ఆడపిల్లలు లేరా?"

"ఉన్నారండీ అమ్మమ్మగారూ. ఈల వేస్తే రావడం లేదు."

"ఇక్కడా రాదులే. నా మనవరాలు మొండిది. అడిగితే వస్తుంది."

అతను అడగలేదు. డనీడిన్‌లో పాత ల్యాబ్‌వాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారు. ఇక్కడ కాంట్రాక్ట్ అయిపోవస్తోంది. ఉండమని ఆమె అంటే ఉందామని అతను, ఉంటానని అతనంటే ఉండమందామని ఆమె. ఇట్లాంటి తెలివైనవాళ్ళు ప్రేమలో పడితే ఎవరికీ ఉపయోగం ఉండదు.

మెషీన్ పని ముగిసింది. ఎలుకల బతుకు కూడా దానితోనే ముగిసింది, చంపితే గానీ ఎముకలు చేతికి రావు. ఆ రోజు మార్నీ ఖాళీ బోనులు ఒక్కోటీ కడిగింది, ఫెర్గస్ పక్కన నిలబడి తుడిచిపెట్టాడు. ఎముకలు స్కాన్‌కి వెళ్ళాయి. ఫలితం వచ్చిన రోజు ప్రొఫెసర్ గ్వెన్ ఇద్దర్నీ తన గదిలోకి పిలిచింది. తెల్లజుట్టు కత్తిరించుకున్న చిన్న మనిషి, మాటలు కూడా పొదుపే.

"తేడా లేదు," అంది.

"కొంచెం కూడానా?"

"నొక్కిన కాలు, నొక్కని కాలు రెండూ ఒకేలా ఉన్నాయి. నువ్వే చూసుకో."

మార్నీ తెర మీదికి చూసింది. ఎంతసేపు చూసినా అంతే. ముసలి ఎముకకు కబురు వినిపించలేదు. రెండేళ్ళు పిల్లల్లా పెంచిన ఎలుకలు ఆ ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయాయి.

ఫెర్గస్ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి ఆగిపోయాడు. "ఈ రోజే అమ్మమ్మగారికి చెప్పాలా?" అన్నాడు మెల్లగా.

"అడుగుతుంది. అడిగితే అబద్ధం చెప్పలేను."

అడిగింది. తలుపు తెరిచిన మనవరాలి ముఖం చూసి డల్సీ వంటగట్టు దగ్గర్నుంచే అడిగింది.

"వినలేదు అమ్మమ్మా," అంది మార్నీ. "ముసలి ఎముక వినదట."

డల్సీ రేడియో కట్టేసింది. గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ గదిలోకి వెళ్ళి మంచం మీద పడుకుంది. "నిజం చెప్పావు, మంచిది," అంది. "ఇక నన్ను లేపకండి."

మర్నాడు వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి ఎంత బతిమాలినా లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. వారం తిరిగేసరికి మాట సన్నబడింది, తిండి తగ్గింది. మార్నీ సూప్ తెచ్చి పక్కన కూర్చునేది. సూప్ చల్లారిపోయేది. నిజం చెప్పినందుకు ఒక మనిషి కళ్ళముందే తరిగిపోతుంటే, నిజం మీదున్న నమ్మకం కూడా తరిగిపోతుంది. ఎముకల గురించి అంత చదువుకున్న మార్నీకి అమ్మమ్మను మంచం మీంచి లేపే ఉపాయం ఒక్కటీ తెలియలేదు.

*

"మెషీన్ సరిగ్గా నొక్కుతోందో లేదో చూడండి," అంది ప్రొఫెసర్ గ్వెన్ ఒకరోజు. "పడుచు ఎలుక ఎముక తప్పకుండా వింటుంది. దాని మీద కూడా తేడా రాకపోతే తప్పు మెషీన్‌ది."

మార్నీకి ఆశ లేదు. అయినా వెళ్ళింది. ఫెర్గస్ అప్పటికే అక్కడున్నాడు. ఇద్దరి మధ్యా ఆ చిన్న గది ఇప్పుడు పెద్దదైపోయింది. అతను మత్తులో ఉన్న పడుచు ఎలుకను అరచేతిలోకి తీసుకుని మెల్లగా పడుకోబెట్టాడు. వెల్లకిలా, పొట్ట పైకి కనిపించేలా. ఎడమచేతి వైపు వచ్చిన కాలిని మెషీన్‌లో అమర్చబోయాడు.

"ఆగు," అంది మార్నీ.

"ఏమైంది?"

"ఎలుకను ఎప్పుడూ ఇట్లాగే పడుకోబెడతావా?"

"ఆఁ. మా ల్యాబ్‌లో ఇట్లాగే. పొట్ట కనిపిస్తుంటే ఊపిరి ఆడుతోందో లేదో తెలుస్తుంది కదా."

"నేను బోర్లా పడుకోబెడతాను," అంది మార్నీ. "బోర్లా పడుకుంటే నీ ఎడమచేతి వైపు వచ్చేది దాని ఎడమ కాలు. వెల్లకిలా అయితే కుడి కాలు."

ఫెర్గస్ చేతి కింద ఎలుక అట్లాగే ఉంది. అతను దాన్ని చూశాడు, తన చేతుల్ని చూసుకున్నాడు.

"నేను చేసిన రోజులన్నీ కుడి కాలు," అన్నాడు.

"నేను చేసిన రోజులన్నీ ఎడమ కాలు."

ఒక్కో ఎలుకకూ రెండు కాళ్ళూ నొక్కారు. ముట్టుకోని కాలంటూ ఏ ఎలుకకూ మిగల్లేదు. తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? ముసలి ఎముక వినలేదని కాదు. వాళ్ళు అడిగిన ప్రశ్నే పాడైపోయింది.

"నువ్వు చెప్పినట్టే చేశాను మార్నీ. ఎడమచేతి వైపు కాలన్నావు. నువ్వు పక్కనే ఉన్నావు. ఇట్లాగేనా అని అడిగితే ఊఁ అన్నావు."

జవాబు లేనివాళ్ళకే కోపం ఎక్కువ వస్తుంది.

"రెండేళ్ళు పెంచాను," అంది. "మా అమ్మమ్మ మంచం దిగడం లేదు. ఇదంతా నీ వల్ల. మీ ఊరెళ్ళి గొర్రెలకు ఈల వేసుకుంటూ ఉండు."

మొదటి రోజు అన్న మాటే. ఆ రోజు అతను నవ్వాడు. ఈసారి పడుచు ఎలుకను జాగ్రత్తగా దాని బోనులో పెట్టి, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళిపోయాడు.

*

ప్రొఫెసర్ గ్వెన్ విషయమంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఫెర్గస్ పొద్దునే వచ్చి చెప్పాడు," అంది. "తప్పంతా తనదేనన్నాడు. నీకు ఏమాత్రం సంబంధం లేదన్నాడు."

మార్నీ తల దించుకుంది.

"పక్క గదిలో ఏ కాలూ నొక్కకుండా ఊరికే ముసలివైన ఎలుకలు కొన్ని ఉన్నాయి కదా. వాటి ఎముకలు కూడా స్కాన్ చేసి చూశాను," అంది ప్రొఫెసర్. "మీ ఎలుకల రెండు కాళ్ళూ వాటికంటే కొంచెం లావు."

"అంటే వింటోందా?"

"ఏమో. అవి వేరే తల్లుల పిల్లలు, పెరిగింది వేరే గదిలో. ఆ పోలిక పట్టుకుని నేను ఒక్క వాక్యం కూడా రాయను, నిన్నూ రాయనివ్వను. కానీ వదిలేద్దామన్నా మనసు ఒప్పుకోవడం లేదు."

"మరి ఏం చేద్దాం?"

"చేయడానికి ఏముంది? మళ్ళీ ఎలుక పిల్లల్ని తెచ్చి, ముసలివయ్యేదాకా పెంచడమే. ఇంకో రెండేళ్ళు ఇమ్మని పైవాళ్ళను అడుగుతాను. ఇస్తారని మాటివ్వలేను."

మార్నీ బయటికి వచ్చింది. ఇంకో రెండేళ్ళు. అప్పటికి తన వయసు ఎంతవుతుందని ఆమె ఆలోచించలేదు. అమ్మమ్మ వయసే ఆలోచించింది. ఆలోచించి, కారిడార్‌లో గోడకు ఆనుకుని, ఎవరైనా చూస్తారన్న బెంగ కూడా లేకుండా ఏడ్చింది.

బస్‌స్టాప్‌లో వాన కురుస్తోంది. ఫెర్గస్ ఉన్నాడు. ఈల లేదు.

"ప్రొఫెసర్‌కి ఎందుకు అబద్ధం చెప్పావు?" అంది మార్నీ.

"ఏ అబద్ధం?"

"తప్పంతా నీదేనని."

"ఎలుకను పడుకోబెట్టింది నేనే కదా."

"నేర్పింది నేను. బోర్లా అని చెప్పలేదు. మా ల్యాబ్‌లో అందరూ అట్లాగే పడుకోబెడతారు, ఇంకోలా పడుకోబెట్టేవాళ్ళు ఉంటారని నాకు తట్టనే లేదు. నువ్వు ఇట్లాగేనా అని అడిగినప్పుడు నేను ఊఁ అన్నాను, అవునా?"

"అన్నావు."

"ఆ రోజు నేను ఎలుకను చూడలేదు ఫెర్గస్."

"పక్కనే ఉన్నావుగా. మరి ఏం చూశావు?"

"నిన్ను."

షెల్టర్ రేకు మీద వాన గట్టిగా పడుతోంది. బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు కాసేపు చూసి, ఎక్కేవాళ్ళు కనబడక వెళ్ళిపోయాడు. ఇంత అందమైన మాట ఇంత దరిద్రమైన సమయంలో ఏ పిల్లా చెప్పి ఉండదు. రెండేళ్ళ పని పోయింది, ఒక ముసలావిడ మంచాన పడింది, అన్నిటికీ కారణం ఆ ఒక్క చూపు. ఫెర్గస్‌కి సంతోషపడాలో సిగ్గుపడాలో అర్థం కాలేదు.

"డనీడిన్ వాళ్ళకు వస్తానని చెప్పేశాను," అన్నాడు చివరికి. "నువ్వు వెళ్ళమన్నావు కదా అని."

"అన్నాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడు అడిగే మొహం లేదు నాకు," అంది మార్నీ. "ముందు అమ్మమ్మకు చెప్పాలి. నేను చెప్పింది తప్పని. ఈ రాత్రే చెప్పాలి."

"నేనూ వస్తాను," అన్నాడు ఫెర్గస్.

*

డల్సీ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. వాళ్ళిద్దరూ వచ్చి మంచం పక్కన నిలబడితే మెల్లగా తల తిప్పింది.

"నేను నీకు తప్పు చెప్పాను అమ్మమ్మా," అంది మార్నీ. "ముసలి ఎముక వినదని చెప్పాను. అది నిజం కాదు. వింటుందన్నదీ నిజం కాదు. మాకు తెలియదు."

"రెండేళ్ళు చదివి తెలియదని చెప్పడానికి వచ్చావా?"

"అవును."

జరిగిందంతా చెప్పింది. బోర్లా, వెల్లకిలా, ఎడమ, కుడి. డల్సీ కళ్ళు మూసుకుని విన్నది. నిద్రపోయిందేమో అనుకున్నారు.

"నువ్వు వెల్లకిలా పడుకోబెట్టావా?" అంది కళ్ళు తెరవకుండానే.

"అవునండీ అమ్మమ్మగారూ," అన్నాడు ఫెర్గస్.

"ఇది పక్కనే ఉండి చూడలేదా?"

"లేదండీ."

"ఎటు చూస్తోందట?"

ఫెర్గస్ కిటికీలోంచి కొండను చూశాడు. మార్నీ నేలను చూసింది. డల్సీ కళ్ళు తెరిచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో ఏదో కదిలింది.

"మళ్ళీ మొదలుపెడితే ఎప్పటికి తెలుస్తుంది?"

"పిల్లలు ముసలివవ్వాలి అమ్మమ్మా. రెండేళ్ళు పైనే పడుతుంది. అదీ పైవాళ్ళు ఒప్పుకుంటే."

"అప్పటికి నేనుండను."

ఇంకో ఇంట్లో అయితే ఎవరో ఒకరు, అదేం మాట, నిండు నూరేళ్ళూ ఉంటావు అని ఉండేవాళ్ళు. ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. మార్నీ అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. చేతిలో ఎముకలు ఒక్కోటీ తగులుతున్నాయి. వాటి గురించి తనకు తెలిసిందంతా ఆ క్షణాన ఎందుకూ పనికిరాలేదు.

"ఇతనుంటాడా?" అంది డల్సీ.

ఫెర్గస్ నోరు తెరవబోయాడు.

"తొందరపడకు. ఆలోచించి చెప్పు. ఈ ఇంట్లో తీపి అబద్ధాలు చెల్లవు."

అతను నిజంగానే ఆలోచించాడు. పొయ్యిలో కట్టె విరిగి పడింది. మార్నీ తల ఎత్తలేదు. వెళ్తానంటే వినడానికి కూడా ఆమె సిద్ధంగానే ఉంది. మంచి జరుగుతుందని ఎదురుచూడడం ఆమె ఆ నెలలోనే మానేసింది.

"ఉంటాను," అన్నాడు ఫెర్గస్. "డనీడిన్ వాళ్ళకు రానని చెప్తాను. ఇక్కడ ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. లేకపోతే ఈ ద్వీపంలోనూ గొర్రెలున్నాయి."

"ఎలుకలు ముసలివయ్యేదాకానా?"

"ఆ తర్వాత కూడా. మేమూ ముసలివాళ్ళమయ్యేదాకా. మార్నీకి ఇష్టమైతే."

"ఏమే?" అంది డల్సీ.

"ఇష్టమే," అంది మార్నీ.

డల్సీ దుప్పటి తీసి పక్కన పడేసింది.

"నన్ను లేపండి."

"ఎందుకమ్మమ్మా? నొప్పి..."

"వినదన్నావు, పడుకున్నా. ఇప్పుడు తెలియదంటున్నావు. తెలియనప్పుడు పడుకుంటే ఎట్లా?"

మార్నీ వెనక నుంచి నడుము పట్టుకుంది. ఫెర్గస్ ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాపాడు. డల్సీ ఆ చేతులు పట్టుకుని, పళ్ళు బిగించి, మంచం మీంచి లేచింది. మనిషి బరువు ఏమీ లేదని ఫెర్గస్‌కి అప్పుడు తెలిసింది. ఆ సంగతి ముఖంలో కనిపించకుండా దాచడానికి కష్టపడ్డాడు.

"ముందు ఏ కాలు?" అంది ఆయాసపడుతూ.

"ఎడమ కాలండీ."

డల్సీ కాలు కదపలేదు. తనకు ఎదురుగా నిలబడ్డ ఆ ఎర్రగడ్డం మనిషిని కిందా మీదా చూసింది.

"సరిగ్గా చెప్పవయ్యా. నీ ఎడమచేతి వైపుదా, నా ఎడమచేతి వైపుదా?"

మార్నీ నవ్వింది. నవ్వుతూనే అమ్మమ్మ వీపుకు ముఖం ఆనించి ఏడ్చింది. "నీదే అమ్మమ్మా. నీ ఎడమ," అంది.

డల్సీ ఎడమ కాలు ముందుకు జరిపింది. అది నేల మీంచి లేవలేదు, ఈడ్చుకుంటూ వెళ్ళింది. తర్వాత కుడి కాలు. మంచం చివరిదాకా వెళ్ళేసరికి ముఖం తెల్లగా పాలిపోయింది. ఇక చాలని కూర్చోబెట్టారు. కిటికీ ఇంకా దూరంగానే ఉంది.

"రేపు అక్కడిదాకా," అంది ఊపిరి కూడగట్టుకుని. "ఇద్దరూ రండి. నువ్వొక్కదానివే వస్తే నేను లేవను."

"వస్తామండీ," అన్నాడు ఫెర్గస్, ఇంకా ఆమె చేతులు వదలకుండానే.